బాబు ఎమ్మారైలో తొడ కండలు గ్రేడ్ 3 అని వచ్చింది, వాడేమో ఇంకా నడుస్తున్నాడు. ఏది నమ్మాలి?

కొర్లగుంట_అమ్మ
మాది తిరుపతి. బాబుకి 9 ఏళ్ళు, డుషెన్ మస్కులర్ డిస్ట్రోఫీ, అంటే కండలు క్రమంగా పోయే జబ్బు. ఐదో ఏట జీన్ టెస్టులో ఎగ్జాన్లు అనే జీన్ ముక్కలు 45 నుంచి 50 వరకు లేవని తేలింది. అప్పటి నుంచి స్టెరాయిడ్ మందు వాడుతున్నాం. సందు చివర ఉన్న బడికి నడిచే వెళ్తాడు. మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కుతాడు. కింద కూర్చుంటే తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేస్తాడు.

పోయిన వారం మొదటిసారి రెండు కాళ్ళకూ ఎమ్మారై తీయించాం. పిర్రల్లోని గ్లూటియస్ మాక్సిమస్, తొడ లోపలివైపు అడక్టర్ మాగ్నస్ గ్రేడ్ 4, తొడ ముందు కండలు గ్రేడ్ 3, గ్రాసిలిస్, సార్టోరియస్ బాగున్నాయి అని రాశారు. రిపోర్టు తీసుకునే దగ్గర ఒకాయన ఫిల్మ్ లైటుకి పెట్టి చూసి "ఇంకో ఆరు నెలలు నడిస్తే గొప్ప" అన్నాడు. బాబు పక్కనే ఉన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఒక్క మాట లేదు. రాత్రి పడుకునేటప్పుడు "ఆరు నెలలంటే ఎండాకాలం సెలవుల దాకానా అమ్మా?" అని అడిగాడు.

మా ఆయన ఆ ఫిల్మ్ బీరువా మీద పడేశారు. మా అత్త వాణ్ణి కాలు కింద పెట్టనివ్వడం లేదు. ఫిల్మ్ చూస్తే తొడంతా తెల్లగా ఉంది. వాడు మాత్రం ఈ పొద్దున కూడా బడికి నడిచే పోయాడు.

పాకాల_జంక్షన్
ఆరు నెలలు అన్నాయన డాక్టరా, పక్క టోకెన్ వాడా?

కొర్లగుంట_అమ్మ
తెలీదు అన్నా. తెల్ల కోటు వేసుకున్నాడు.

పాకాల_జంక్షన్
తెల్ల కోటు ఐరన్ చేసేవాడి దగ్గర కూడా ఉంటుంది. నాకు 38. బెకర్ రకం, డుషెన్ కంటే నెమ్మదిగా సాగేది. నా పాతికేళ్ళప్పుడు ఒకాయన ఇట్లాగే ముహూర్తం పెట్టాడు, ముప్పైకి కుర్చీ అని. కట్టె పట్టుకుని ఇప్పటికీ స్టేషన్ దాకా పోయి టీ తాగి వస్తాను. బెకర్, డుషెన్ ఒకటి కావు, ఆ సంగతి తెలుసు. కానీ ఫిల్మ్ చూసి తేదీ చెప్పేవాళ్ళు అన్ని రకాలకీ చెప్తారు.

చీకటి_గది
పదకొండేళ్ళుగా ఎమ్మారై టెక్నీషియన్ని. రిపోర్టు రాయడం నా పని కాదు, బొమ్మ తీయడం వరకే. అయినా రోజూ చూస్తాను కాబట్టి చెప్తున్నా.

మీరు చూసిన "తెల్లగా" ఏ వరసలోదో ముందు తెలియాలి. టీ1 వరసలో కొవ్వు తెల్లగా, కండ బూడిద రంగులో వస్తుంది. చర్మం కింద అందరికీ ఉండే కొవ్వు కూడా అందులో తెల్లగానే ఉంటుంది. అలవాటు లేని కన్నుకి తొడంతా పోయినట్టే కనిపిస్తుంది. స్టర్ అని ఇంకో వరస ఉంటుంది. అందులో కొవ్వుని అణిచేస్తారు, నీరు చేరిన చోటు తెల్లగా వెలుగుతుంది. అంటే అక్కడ వాపో, కొత్తగా దెబ్బతిన్న కండో ఉందన్నమాట. టీ1లో తెల్లబడింది తిరిగి రాదు. స్టర్‌లో తెల్లగా ఉన్నది ఇంకా కండే, కష్టంలో ఉన్న కండ.

మటన్ కొట్టులో చూడండి, ఒక ముక్కంతా ఎర్రగా ఉంటుంది, ఇంకోదాంట్లో సన్న తెల్ల గీతలు, ఇంకోటి సగం కొవ్వే. గ్రేడ్లు దాదాపు అంతే, కంటితో చూసి వేసేవి. మెర్క్యూరీ అనే ఇటలీ డాక్టరు పేరుతో ఒక కొలమానం ఉంది, చాలామంది వాడేది అదే. గ్రేడ్ 3లో కొవ్వు బాగా పట్టినా కండ కొంత మిగిలి ఉంటుంది. 4లో కండ అన్నదే దాదాపు కనిపించదు. ఇందులోనే మార్పులు చేసుకున్న లెక్కలు రెండు మూడున్నాయి. అందుకే ఒక సెంటర్ గ్రేడ్ 3ని ఇంకో సెంటర్ గ్రేడ్ 3 పక్కన పెట్టి పోల్చకండి.

ఒక ప్రశ్న. స్కాన్‌కి ముందు రోజు బాబు ఎక్కువ నడిచాడా?

కొర్లగుంట_అమ్మ
ముందు రోజు ఆదివారం. మొక్కు ఉందని శ్రీవారి మెట్టు దగ్గరికి వెళ్ళాం. వాడు ఒక యాభై మెట్లు ఎక్కి దిగాడు. ఎందుకు అడిగారు?

చీకటి_గది
బాగా శ్రమపడిన కండలో ఒకటి రెండు రోజులు నీరు కనిపిస్తుంది. స్టర్‌లో "ఎడిమా" అని రాసి ఉంటే ఆ మాట డాక్టరుకి చెప్పండి. ఈసారి స్కాన్‌కి రెండు రోజుల ముందు నుంచి కొండ వద్దు.

శాకాహారి_చిత్తూరు
మటన్ పోలిక లేకుండా చెప్పలేరా? పొద్దున్నే ఉపవాసంలో చదువుతున్నాను.

చీకటి_గది
పనసతొన మీద ప్రయత్నించాను మేడమ్, కుదరలేదు.

తోతాపురి
బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట మాది. మా పెద్దోడికి 14, కుర్చీలో ఉన్నాడు. నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. ఈ ఎమ్మారై డబ్బు దండగ. డుషెన్ అని జీన్ టెస్టులో తేలిపోయింది. స్కాన్ చూసి మందు మార్చేది లేదు, ఫిజియో మార్చేది లేదు. ఉన్న టెన్షన్‌కి ఇంకొంచెం కలపడానికి తప్ప ఎందుకది?

మావాడికి పదో ఏట తీశారు. మీవాడికంటే మంచి రిపోర్టు, తొడ ముందు కండలు గ్రేడ్ 2. "బాగుంది, ఇంకా చాన్నాళ్ళు నడుస్తాడు" అన్నారు. పదకొండో ఏట బాత్రూమ్‌లో జారాడు. తొడ ఎముక విరిగింది. స్టెరాయిడ్ వాడే పిల్లలకి ఎముకలు పలచనవుతాయి అని మాకు అప్పుడు చెప్పినవాళ్ళు లేరు. రెండు నెలలు మంచం. లేచి నిలబెడితే మోకాళ్ళు నిలవలేదు. అంతే, ఆ రోజు నుంచి మళ్ళీ అడుగు పడలేదు. ఏ ఫిల్మ్‌లో ఉంది ఆ బాత్రూమ్?

స్కాన్‌కి పెట్టిన డబ్బుతో రబ్బరు చాప, గోడకి రెండు కమ్మీలు వేయించి ఉంటే ఇంకో రెండేళ్ళు నడిచేవాడేమో.

లెక్కల_మాస్టారు
తోతాపురి గారు, మీ బాధ కాదనలేను. కానీ దండగ అనే మాట ఒప్పుకోను. మావాడికీ డుషెన్, 7 ఏళ్ళు. బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి నా ధోరణి భరించండి.

తొడ ముందు నాలుగు కండలుంటాయి. అందులో బయటివైపు ఉండేది వాస్టస్ లేటరాలిస్. డుషెన్ పిల్లల్లో ఆ ఒక్క కండలో కొవ్వు శాతం ఎంత పెరిగితే నడక ఆగే రోజు అంత దగ్గరవుతుందని చాలామంది పిల్లల్ని ఏళ్ళ తరబడి కొలిచి చూశారు. ఇది గ్రేడ్ కాదు, కొలత. డిక్సన్ అనే పద్ధతిలో నీటి సంకేతాన్నీ కొవ్వు సంకేతాన్నీ విడదీసి నూటికి ఎంత కొవ్వో లెక్క కడతారు. గ్రేడ్ 3 వచ్చే ఏడు కూడా గ్రేడ్ 3 లాగే కనిపించవచ్చు, శాతం మాత్రం 28 నుంచి 35కి వెళ్ళి ఉండవచ్చు. పిల్లవాడు ఆరు నిమిషాల్లో నడిచే దూరం తగ్గకముందే ఈ అంకె కదలడం మొదలవుతుంది.

2024 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన గివినోస్టాట్ మందు సంగతి చూడండి. దాని ట్రయల్‌లో ముఖ్యమైన లెక్కకి వాస్టస్ లేటరాలిస్‌లో కొవ్వు 5 శాతం దాటి 30 శాతం లోపు ఉన్న పిల్లల్నే తీసుకున్నారు. మందు పనిచేసిందా లేదా అన్నది మాత్రం నాలుగు మెట్లు ఎక్కడానికి పట్టే సమయంతో చూశారు. అంటే లోపలికి రానిచ్చింది బొమ్మ, తీర్పు చెప్పింది మెట్లు.

పాకాల_జంక్షన్
మాస్టారూ, అయితే ఆరు నెలలు అన్నాయన కరెక్టే అంటారా?

లెక్కల_మాస్టారు
కాదు. క్లాసు సగటు 62 అయితే ప్రతి పిల్లవాడికీ 62 రాదు కదా. వందమంది పిల్లల మీద గీసిన గీతని ఒక్కడి మీద పెట్టి నెలలు లెక్కేయకూడదు. పైగా అక్కడ శాతం కొలవలేదు, కంటి గ్రేడే ఉంది. స్కాన్ పనికిరాదని తోతాపురి గారు, స్కానే జాతకమని తెల్ల కోటాయన. రెండూ తప్పే అంటున్నాను.

ఫిజియో_పాఠం
చిత్తూరులో ఫిజియోథెరపిస్టుని. "ఫిల్మ్‌లో కండే లేదు, మరి ఎలా నడుస్తున్నాడు" అని నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. అక్కా, బాబు నడిచేటప్పుడు పక్క నుంచి ఒకసారి చూడండి. పొట్ట ముందుకి, నడుము లోపలికి, మునివేళ్ళ మీద నడక. అవునా?

కొర్లగుంట_అమ్మ
అవును. మునివేళ్ళ మీదే. అందరూ "మడమ ఆనించరా" అని అరుస్తుంటారు.

ఫిజియో_పాఠం
అరవడం ఆపించండి ముందు.

తొడ ముందు కండ బలంగా ఉంటే మోకాలు వంగినా పట్టి ఆపుతుంది. అది పోయినప్పుడు పిల్లలు ఎవరూ నేర్పకుండానే ఒక ఉపాయం పడతారు. పందిరి గుంజని నిటారుగా నిలబెడితే తాడు బిగించకపోయినా కాసేపు నిలుస్తుంది, కొంచెం ఒరిగితే పడుతుంది. వీళ్ళూ అంతే. పొట్ట ముందుకి పెట్టి ఒంటి బరువు తుంటి వెనక నుంచి, మోకాలి ముందు నుంచి దిగేలా చూసుకుంటారు. మునివేళ్ళ మీద నిలబడితే మోకాలు వెనక్కి నొక్కుకుని గడియ పడుతుంది. కండ చేయాల్సిన పని ఎముకల వరస చేస్తుంది. అందుకే అదే గ్రేడ్ ఉన్న ఇద్దరిలో ఒకడు నడుస్తాడు, ఒకడు నడవలేడు. కీళ్ళు బిగుసుకోకుండా, వెన్ను వంకర పోకుండా, బరువు పెరగకుండా ఉన్నవాడు ఆ గుంజని ఎక్కువ రోజులు నిలబెడతాడు. రిపోర్టులో బాగున్నాయన్న గ్రాసిలిస్, సార్టోరియస్ డుషెన్‌లో చివరిదాకా మిగిలేవే. సన్న కండలు, ఒంటి బరువు మోయలేవు, అయినా సాయం చేస్తాయి.

మడమ నరం, అంటే పిక్క కండని మడమకి కట్టి ఉంచే తాడు, మరీ బిగుసుకుంటే ఆ ఉపాయమూ చెడుతుంది. రోజూ సాగదీయాలి, రాత్రి స్ప్లింట్ వేయాలి. పగలు నడిచేటప్పుడు వద్దు.

గాలిగోపురం
ఫిజియో గారు రాసింది పదిహేనేళ్ళ ముందు ఎవరైనా మాకు చెప్పి ఉంటే. మా తమ్ముడికి 10 ఏళ్ళప్పుడు ఒక ఊళ్ళో, పేరు వద్దు, మడమ నరం పొడుగు చేసే ఆపరేషన్ చేశారు. మునివేళ్ళ నడక పోతుంది, చక్కగా నడుస్తాడు అన్నారు. మడమలు నిజంగానే నేలకి ఆనాయి. కట్టు విప్పి నిలబెట్టిన రోజు మోకాళ్ళు ముందుకి కుప్పకూలాయి. మా నాన్న పట్టుకున్నాడు. ఆపరేషన్‌కి ముందు వారం వాడు మాతో పాటు గంగజాతరలో వీధంతా తిరిగాడు.

తొడల్లో ఏం మిగిలిందో ఆ రోజుల్లో ఎవరూ స్కాన్ తీసి చూడలేదు. చూసి ఉంటే ఆ కత్తి పెట్టేవాళ్ళు కాదేమో. అందుకే తోతాపురి అన్నా, దండగ అంటే నాకు మనసొప్పదు.

తోతాపురి
ఈ సంగతి నాకు తెలీదు తమ్ముడూ. ఆపరేషన్ ముందు చూడాలి అంటే ఒప్పుకుంటాను. ఊరికే ఏడాదికోసారి తీయడం గురించి అన్నాను.

వేరుమూలిక_వైద్యశాల
కండ కొవ్వుగా మారడం వాతదోషం వల్ల. 90 రోజుల తైలం, కషాయంతో గ్రేడ్ 4 నుంచి గ్రేడ్ 1కి తెచ్చాం. సంప్రదించండి, నంబరు...

గడియారం_నిర్వాహకుడు
నంబరు తీసేశాను. ఇంకోసారి పెడితే ఖాతా కూడా తీసేస్తాను.

పాకాల_జంక్షన్
గ్రేడ్ 4 నుంచి 1కి వచ్చిన ఫిల్మ్ ఒకటి పెట్టమనండి, నేనే పాకాల నుంచి పాక్కుంటూ వస్తా.

నాగరి_నేత
పుత్తూరు కట్టు కట్టిస్తే ఏమైనా గుణం ఉంటుందా? మా వీధిలో చెప్తున్నారు.

ఫిజియో_పాఠం
పుత్తూరు కట్టుకి పేరొచ్చింది విరిగిన ఎముకలకి. ఇక్కడ లోపం జీన్‌లో ఉంది. కండ గోడని పట్టి ఉంచే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారు కాదు. కట్టు కట్టి కదలకుండా ఉంచితే వీళ్ళకి ఇంకా నష్టం. తోతాపురి గారబ్బాయి రెండు నెలల మంచం కథ చదివారు కదా.

మునివేళ్ళు
నాది వేరే కథ, కానీ స్కాన్ గురించే కాబట్టి చెప్తాను. నా పేరుకి కారణం ఉంది. డుషెన్ పిల్లలు మునివేళ్ళ మీద నడుస్తారు, నేను మునివేళ్ళ మీద నిలబడలేను. పంతొమ్మిదో ఏట అటక మీద డబ్బా అందుకోబోతే మడమలు లేవలేదు. కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే 8,000 దాటింది. కండ ముక్క తీసి పరీక్ష చేస్తే వాపు కణాలు కనబడ్డాయి, పాలిమయోసైటిస్ అన్నారు. రెండేళ్ళు స్టెరాయిడ్ మింగాను. ముఖం పూర్ణకుంభంలా అయింది, షుగర్ వచ్చింది, కాళ్ళకి మాత్రం ఏమీ రాలేదు.

తర్వాత ఇంకో ఊళ్ళో ఒక డాక్టరమ్మ ఎమ్మారై తీయించింది. పిక్కల వెనక కండలు రెండు వైపులా తెల్లగా, ముందు కండలు బాగానే. ఆ బొమ్మ చూడగానే ఆవిడ "ఇది వాపు జబ్బు కాదు, డిస్ఫెర్లిన్ జీన్ చూద్దాం" అంది. అదే తేలింది. స్టెరాయిడ్ నెమ్మదిగా తగ్గించి ఆపించింది. ఈ జబ్బుకి ఆ మందు మేలు చేయదట.

డుషెన్‌లో జీన్ టెస్టే ముందు, స్కాన్ తర్వాత. పెద్దయ్యాక మొదలయ్యే రకాల్లో ఏ కండ పోయింది, ఏది మిగిలింది అన్న వరసే దారి చూపిస్తుంది. జీఎన్ఈ అనే ఇంకో రకంలో పాదం జారుతూ నడుస్తారు, తొడ ముందు కండ మాత్రం చాలా ఏళ్ళు గట్టిగా ఉంటుంది. అవే కాళ్ళు, పేరు వేరు.

సాయంత్రం_బస్సు
మునివేళ్ళు అక్కా, మీ ఇంట్లో మేనరికమా? అడగొచ్చో లేదో.

మునివేళ్ళు
అడగొచ్చు. మా అమ్మని మేనమామకే ఇచ్చారు. నా జబ్బులో అమ్మ, నాన్న ఇద్దరి దగ్గర్నుంచీ జీన్ చెడ్డ ప్రతి రావాలి కాబట్టి మేనరికంలో ఎక్కువ కనిపిస్తుంది.

కొర్లగుంట_అమ్మ
మా అత్త కూడా "మీవైపు మేనరికాలే, అందుకే వచ్చింది" అంటుంది. మా పెళ్ళి బయటి సంబంధమే.

లెక్కల_మాస్టారు
డుషెన్‌కి మేనరికంతో పనిలేదు. ఆ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకి ఉన్నది ఒక్కటే ఎక్స్, అది అమ్మ దగ్గర్నుంచే వస్తుంది. అలాగని అమ్మ తప్పు కాదు. దాదాపు మూడో వంతు మందిలో తల్లి జీన్‌లో కూడా లోపం ఉండదు, కొత్తగా వచ్చినదే. మీరు టెస్టు చేయించుకున్నారా? మీకోసమే కాదు, మీ చెల్లెళ్ళకి కూడా తెలియాలి. క్యారియర్ అయిన, అంటే ఆ లోపమున్న జీన్ మోసే ఆడవాళ్ళు అప్పుడప్పుడు గుండె కూడా చూపించుకోవాలి.

గుండె అంటే గుర్తొచ్చింది. ఇంతసేపూ కాళ్ళ గురించే మాట్లాడాం. ఎకో ఎప్పుడు తీశారు?

కొర్లగుంట_అమ్మ
రెండేళ్ళ కింద. నడుస్తున్నాడు కదా అని మళ్ళీ వెళ్ళలేదు.

లెక్కల_మాస్టారు
నడకకీ గుండెకీ లంకె లేదు. ఏడాదికోసారి చూడాలి. గుండె బాగున్నా పదేళ్ళకల్లా దాని రక్షణకి మందు మొదలుపెట్టమని సూచనలున్నాయి, మీ డాక్టరుని అడగండి. కాలి ఫిల్మ్ చూసి ఏడ్చి గుండె సంగతి మరిచిపోవడం మన అందరి ఇళ్ళలోనూ జరిగేదే. మేమూ మరిచిపోయాం.

చీకటి_గది
ఇంకో ముఖ్యమైన మాట. చిన్న పిల్లలు కదలకుండా ఉండరని స్కాన్‌కి మత్తు ఇస్తామంటారు. మస్కులర్ డిస్ట్రోఫీ అని మత్తు డాక్టరుకి మీరే నోరు తెరిచి చెప్పండి, ఫైల్లో రాసి ఉంది కదా అనుకోవద్దు. సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్, పీల్చే మత్తు గ్యాసులు వీళ్ళకి ప్రమాదం. పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగే అవకాశం ఉంది. వీలైతే మత్తు లేకుండానే తీయించండి. మోకాళ్ళ కింద దిండు, చెవులకి దూది, వాళ్ళమ్మ కాలి దగ్గర కూర్చుని వేలు పట్టుకుంటే తొమ్మిదేళ్ళవాడు నలభై నిమిషాలు పడుకుంటాడు. ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కూడా ఉండదు ఇందులో.

కొర్లగుంట_అమ్మ
మావాడు మత్తు లేకుండానే పడుకున్నాడు. ఆ చప్పుడు మా పక్కింటి బోరు వేసినప్పటిలా ఉందన్నాడు.

గాలిగోపురం
అక్కా, మెట్టు దగ్గర యాభై మెట్లు ఎక్కి దిగాడు అన్నారు. ఎక్కడం కంటే దిగడం ఎక్కువ దెబ్బ అని మా తమ్ముడి డాక్టరు చెప్పేవారు.

ఫిజియో_పాఠం
నిజమే. దిగేటప్పుడు కండ సాగుతూ బరువు ఆపుతుంది. డిస్ట్రోఫిన్ లేని కండ అప్పుడే ఎక్కువ చిరుగుతుంది. మొక్కులుంటే పెద్దవాళ్ళు తీర్చుకోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, మీ ఆయన్ని పంపండి.

పాకాల_జంక్షన్
మా అమ్మ నా పేరు మీద ఎక్కింది. మోకాళ్ళ మెట్టు దగ్గర ఫోన్ చేసి "నీ జబ్బు నాకొచ్చిందిరా" అంది. ఇరవై రెండేళ్ళప్పుడు నేనే దిగాను ఒకసారి, బుద్ధిలేక. మర్నాడు ఒంటేలు కాఫీ రంగులో వచ్చింది. అలా వస్తే నీళ్ళు తాగి పడుకోవడం కాదు, ఆ గంటలోనే ఆస్పత్రికి పోవాలి. కండ కరిగి కిడ్నీలో పడుతుంది.

సాయంత్రం_బస్సు
సదరం క్యాంపుకి ఈ ఎమ్మారై తీసుకెళ్తే శాతం ఎక్కువ వేస్తారా?

తోతాపురి
మేం తీసుకెళ్తే పక్కన పెట్టేశారు. నడిపించి చూశారు, లేపించి చూశారు. మన దగ్గర 2024 జూలై నుంచి పింఛను వికలాంగులకి 6,000, మస్కులర్ డిస్ట్రోఫీతో కుర్చీకో మంచానికో పరిమితమైతే 15,000. అందుకని నడిచే పిల్లవాణ్ణి నడవలేడని చూపించే ఆశ కొందరికి పుడుతుంది. మావాడు ఆ రోజు "నాన్నా, నడవలేనందుకు జీతం పెంచారు" అని నవ్వాడు. వాడి నవ్వు వాడిది. నేను బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాను.

పాకాల_జంక్షన్
నాకు పెంచనందుకు నేను వాడితో మాట్లాడను అని చెప్పు అన్నా.

సాయంత్రం_బస్సు
ఇంకోటి. అమెరికాలో జీన్ థెరపీ ఒక్క డోసుతో నయం అని వాట్సాప్‌లో వచ్చింది. 26 కోట్లంట?

లెక్కల_మాస్టారు
ధర 32 లక్షల డాలర్లు, మీరన్నదానికి దగ్గరే. నయం అన్నది నిజం కాదు. నడక ఆగిపోయిన ఇద్దరు పెద్ద పిల్లలు ఆ మందు తీసుకున్నాక లివర్ దెబ్బతిని 2025లో చనిపోయారు. ఆ తర్వాత నడవలేని వాళ్ళకి ఇవ్వడం ఆపేశారు. నడుస్తున్నాడా లేదా అన్న మాట మీద ఎన్ని ఆధారపడి ఉన్నాయో చూడండి. అందుకే కాలక్రమంలో కొలతలు రాసి పెట్టుకోమంటాను. నేల మీద నుంచి లేవడానికి ఎన్ని సెకన్లు, పది మీటర్లకి ఎన్ని సెకన్లు, ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు. ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు, ఆరు నెలలకోసారి. మావాడి లెక్కలు బడి రిజిస్టరు వెనక పేజీలో ఉన్నాయి, హెడ్మాస్టరుకి చెప్పకండి.

ఫిజియో_పాఠం
వారం వారం మాత్రం కొలవకండి. పిల్లవాడికి అది పరీక్ష అయిపోతుంది.

కొర్లగుంట_అమ్మ
మూడు వారాల తర్వాత వస్తున్నాను. మీరందరూ చెప్పింది చదివాక నరాల, కండరాల జబ్బులు చూసే పెద్ద క్లినిక్‌కి వెళ్ళొచ్చాం. పొద్దున నాలుగింటికి బయల్దేరాం, బాబు దారంతా నిద్రపోయాడు.

అక్కడి డాక్టరు ఫిల్మ్ కన్నా ముందు వాణ్ణి చూశారు. వరండాలో గీతలు గీసి ఆరు నిమిషాలు నడిపించారు, 372 మీటర్లు. రౌండ్లు వాడే లెక్కపెట్టుకున్నాడు. నార్త్ స్టార్ అని 17 పనులు చేయించారు, 34కి 20. నేల మీద నుంచి లేవడానికి 7 సెకన్లు. 350 మీటర్ల కింద ఉంటే తర్వాతి ఏడాది వేగంగా తగ్గే అవకాశం ఎక్కువ, మీవాడు ఆ గీతకి కొంచెం పైన ఉన్నాడు, జాగ్రత్తగా ఉండాలి అన్నారు. ఆ తర్వాత ఫిల్మ్ పెట్టి, పోయిన కండలు ఏవో, వాడు వేటితో నడుస్తున్నాడో నాకు చూపించారు. ఫిజియో గారు చెప్పిన పందిరి గుంజ అదే. మళ్ళీ స్కాన్ తీస్తే ఏడాది తర్వాత, అదే మెషిన్ మీద, కొవ్వు శాతం కొలిచేట్టయితేనే అన్నారు. మడమ నరం ఆపరేషన్ ఊసు ఎవరెత్తినా ముందు తన దగ్గరికి రమ్మన్నారు. ఎకో తీశారు, బాగుంది. నా రక్తం కూడా ఇచ్చాను.

బయటికి వచ్చే ముందు బాబే అడిగాడు, ఎండాకాలం సెలవుల దాకా నడుస్తానా అని. ఆయన "నాకు తెలీదు నాన్నా, ఆ అంకుల్‌కి కూడా తెలీదు" అన్నారు. వాడు తల ఊపాడు. ఆటోలో మాత్రం ఆగకుండా మాట్లాడాడు.

పాకాల_జంక్షన్
372! నాకంటే ఎక్కువ. వాడితో పందెం వద్దు.

గాలిగోపురం
అత్త ఎత్తుకోవడం మానిందా?

కొర్లగుంట_అమ్మ
తగ్గింది. ఇంకో విషయం. బడి నుంచి జూకి తీసుకెళ్తున్నారు. ఎస్వీ జూ చాలా పెద్దది, అంత నడిస్తే రెండు రోజులు లేవలేడు. చక్రాల కుర్చీ కొందామా అని భయపడుతూ అడిగాను, ఏడుస్తాడేమో అని. "జూకి మాత్రమే, బడికి కాదు" అన్నాడు. కుర్చీలో ఉంటే పులి దగ్గర ముందు వరసలో ఉంచుతారంట, వాడి లెక్క అది. మడిచే రకం తీసుకుందామనుకుంటున్నాం. ఏం చూసి కొనాలి?

తోతాపురి
కుర్చీ తర్వాత. ముందు బాత్రూమ్ తలుపు వెడల్పు కొలవండి.

కొర్లగుంట_అమ్మ
24 అంగుళాలు. ఇంట్లో వద్దంటున్నాడు కదా అన్నా?

తోతాపురి
ఇప్పుడు వద్దంటాడు. వాడు అన్నన్నాళ్ళు నడవనీ. కొనేటప్పుడు కొలత చూసుకుని కొంటే రెండోసారి కొనే పని ఉండదు. 24 అయితే చిన్న పిల్లల సైజు పడుతుంది. రబ్బరు చాప వేశారా?

కొర్లగుంట_అమ్మ
మీ పోస్టు చదివిన రోజే వేశాం. కమ్మీలు కూడా.

తోతాపురి
తలుపుకి గడప ఉందా?

కొర్లగుంట_అమ్మ
బాత్రూమ్‌కి లేదు. వీధి తలుపుకి ఉంది. ఐదంగుళాలు. అత్త శుక్రవారం పసుపు పూసేది, తీయనివ్వదు.

తోతాపురి
తీయొద్దు. రెండు వైపులా ఏటవాలు చెక్క పెడితే సరిపోతుంది. శుక్రవారం పొద్దున ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. మా ఇంట్లో మామిడి చెక్కతో చేయించాం. కొలతలు రాత్రి తోట నుంచి వచ్చాక పెడతాను.